చెప్పుదెబ్బకు కదిలిన జిప్సీ

*పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలిశాక పాత బండ్ల యజమానుల్లో గుబులు మొదలైంది. కొండలెక్కే బండి దారి మధ్యలో ఆగితే ముందుగా నింద పడేది కొత్త పెట్రోలు మీదే. ట్యాంకు దించి, పంపు బయటికి తీసి చూస్తే బయటపడే సంగతులు వేరు.*

తెల్లవారుజామున నాలుగు దాటింది. మారేడుమిల్లి నుంచి గుడిస కొండకు వెళ్లే దారిలో హెడ్‌లైట్లు వరసకట్టాయి. మబ్బులు కాళ్ల కిందికి దిగే వేళకు పైకి చేరాలని అందరికీ తొందర. రాళ్లు తేలిన ఎక్కుడులో మలుపు తిరగబోతూ ఓ పాత మారుతి జిప్సీ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. స్టీరింగ్ ముందున్న కుర్రాడు సెల్ఫ్ మీద సెల్ఫ్ కొడుతున్నాడు. ఇంజిన్ తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. వెనకాల హారన్లు మొదలయ్యాయి.

పర్యాటకులను ఎక్కించుకొచ్చే జీపు డ్రైవరు ఒకాయన దిగి వచ్చాడు.

"సెల్ఫ్ ఇంక కొట్టకండి బాబూ, బ్యాటరీ కూడా పోద్ది. ట్యాంకులో ఎంతుందండి?"

"నిన్న రాత్రే రిజర్వులో పడిందండీ. కిందికి దిగాక పోయించుకుందామని..."

"సరే. కీ ఆన్ చేసి ఊరుకోండి. సెల్ఫ్ వద్దు."

ఆయన బండి వెనక్కి వెళ్లి చెవి ఒగ్గాడు. కీ తిప్పగానే రెండు సెకన్లపాటు వెనకనుంచి సన్నగా ఓ రొద రావాలి. అది రాలేదు. కాలి చెప్పు విప్పి, బండి కిందికి దూరి, ట్యాంకు అడుగున నాలుగు దెబ్బలు వేశాడు. మళ్లీ కీ తిప్పితే రొద వినిపించింది. ఇంజిన్ అందుకుంది.

"ఇంజిన్ ఆపకుండా ఇక్కడే తిప్పుకొని దిగిపోండి. ఇంకోసారి ఆగితే ఈ వైద్యం పనిచేస్తుందో లేదో చెప్పలేనండి. లోపల పంపు అయిపోయింది."

"ఆ ఇథనాల్ పెట్రోలు వల్లే ఇదంతా" అని వెనక సీట్లోంచి ఓ గొంతు.

"అదేమోనండి, నాకైతే ఆ రిజర్వు లైటే కనబడుతోంది" అంటూ డ్రైవరు చెప్పు తొడుక్కున్నాడు.

వానలు వెనకబట్టాక ఏ ఆదివారం కొండదారి పట్టినా ఇలాంటి దృశ్యం ఒకటి ఎదురవుతుంది. పంపు చచ్చిందని తేలడానికి నాలుగు నిమిషాలు చాలు. ఎందుకు చచ్చిందన్న దగ్గరే అసలు పేచీ. ఆ ప్రశ్న వదిలేసి పంపు మాత్రం మార్చుకుంటే కొత్త పంపూ అదే దారి పడుతుంది.

ట్యాంకులోకి ఇథనాల్ వచ్చిన దారి

పెట్రోల్లో ఇథనాల్ కలపడం నిన్నమొన్న మొదలైంది కాదు. 2003లో దేశంలో తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతం కలిపే కార్యక్రమం మొదలైనప్పుడు ఆ జాబితాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. తర్వాత చాలాకాలం అది నత్తనడకే నడిచింది. 2013-14లో సగటు కలయిక 1.53 శాతం దగ్గరే ఉంది. ఆ తర్వాత వేగం అందుకుంది. 2022 జూన్‌కు 10 శాతం, 2025కు 20 శాతం. 2030కి చేరాలనుకున్న గీతను అయిదేళ్లు ముందే దాటారు.

దిగుమతి చమురు ఖర్చు తగ్గుతుందని, చెరకు, మొక్కజొన్న రైతుకు మరో కొనుగోలుదారు దొరుకుతాడని ప్రభుత్వం చెబుతోంది. బండి యజమాని గోల వేరు. 2023 ఏప్రిల్‌కు ముందు కొన్న బండ్లలో ఎక్కువ భాగం ఈ-20ని, అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలును దృష్టిలో పెట్టుకుని తయారైనవి కావు. చాలా బంకుల్లో వేరే రకం అడిగితే దొరకదు. ఇథనాల్ లేని పెట్రోలును కూడా ఎంచుకునే వీలు కల్పించాలని వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టేసింది. దాంతో చర్చ కోర్టు గుమ్మం దిగి మెకానిక్ షెడ్డుకు చేరింది.

ఈ చర్చలో ఎక్కువ కంగారు పడుతున్నవాళ్లు పాత బండ్లను అపురూపంగా చూసుకునేవాళ్లు. ఆఫ్‌రోడ్ జనంలో వీళ్ల సంఖ్య ఎక్కువ. జిప్సీనే తీసుకోండి. 1985లో వచ్చింది. 2000లో కార్బురేటర్ పోయి, ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ ఇంజిన్ అమర్చుకుంది. 2019కల్లా మామూలు కొనుగోలుదారులకు అమ్మకం ఆగింది. అయినా సైన్యంలో, పులుల అభయారణ్యాల సఫారీల్లో, బురద పోటీల్లో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. దాని 40 లీటర్ల ట్యాంకులో ఇవాళ పడుతున్న పెట్రోలు, దాన్ని గీసిన ఇంజినీర్లు ఊహించనిది.

> ఇథనాల్ అడుగులు
>
> 2003: తొమ్మిది రాష్ట్రాలు, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాల్లో 5 శాతం కలయికకు శ్రీకారం.
>
> 2021 జూన్: నీతి ఆయోగ్ నివేదిక విడుదల. 20 శాతం లక్ష్యం 2030 నుంచి 2025కు ముందుకు జరిగింది.
>
> 2022 జూన్: దేశవ్యాప్త సగటు 10 శాతానికి చేరిక.
>
> 2023 ఫిబ్రవరి 6: బెంగళూరులో ఈ-20 పెట్రోలు విడుదల. తొలి విడతలో 84 బంకులు.
>
> 2025: దేశమంతటా 20 శాతం.

ఇంజిన్ పక్కనుంచి ట్యాంకు అడుగుకు

పాత పెట్రోలు జీపుల్లో పంపు ఇంజిన్‌కే బిగించి ఉండేది. క్యామ్‌షాఫ్ట్ తిరుగుతుంటే లోపలి రబ్బరు పొర కిందికీ పైకీ ఆడుతూ ట్యాంకులోంచి పెట్రోలు లాగేది. కొన్నింటికి చేత్తో ఆడించే మీట కూడా ఉండేది. ఎండాకాలం ఘాట్ ఎక్కుతుంటే గొట్టంలో పెట్రోలు ఆవిరై బుడగలు కట్టేవి. బుడగను లాగలేక పంపు చేతులెత్తేసేది. బానెట్ ఎత్తి, తడిగుడ్డ కప్పి, అరగంట చెట్టుకింద కూర్చోవడం పాత డ్రైవర్లందరికీ అనుభవమే.

కార్బురేటర్‌కు బారులో మూడో వంతు ఒత్తిడి చాలు. ఇంజెక్టర్లకు ఆ ఒత్తిడి ఏ మూలకూ రాదు. మామూలు ఎంపీఎఫ్ఐ ఇంజిన్‌లో దాదాపు మూడు బార్లు, అంటే పదిరెట్లు కావాలి. కాలుష్య నియమాలు బిగిసి, 2000 ప్రాంతంలో మన కార్లన్నీ ఇంజెక్షన్‌కు మారుతున్నప్పుడు పంపు కూడా చోటు మార్చుకుంది. దూరం నుంచి లాగే బదులు అడుగునుంచి తోయడం మేలని దాన్ని తీసుకెళ్లి ట్యాంకులోనే ముంచారు.

మన రైతుకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బోరులో దించిన సబ్‌మెర్సిబుల్ మోటారు సంగతే ఇదీ. చుట్టూ ఉన్న నీళ్లే మోటారును చల్లబరుస్తాయి. నీరు అడుగంటినా మోటారు తిరుగుతూనే ఉంటే కాలిపోతుంది. ట్యాంకులో పంపుకు పెట్రోలే ఆ నీళ్లు. మోటారు చుట్టూ, మోటారు లోపలినుంచి కూడా పెట్రోలు పారుతుంది. దాన్ని చల్లబరిచేదీ, దాని బేరింగులకు తడి ఇచ్చేదీ ఆ ప్రవాహమే.

పెట్రోల్లో కరెంటు మోటారు తిరగడమేమిటి, నిప్పు రవ్వ పుడితే ఎలా అని అనుమానం వస్తుంది. మంటకు పెట్రోలు ఆవిరి ఒక్కటే చాలదు, సరిపడా గాలి కూడా ఉండాలి. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. మూత వేసిన ట్యాంకులో ఆవిరి ఆ హద్దును దాటి చిక్కగా ఉంటుంది, అందుకే అంటుకోదు. ఈ లెక్క గుర్తుంచుకోండి. ట్యాంకు ఖాళీ చేసి మూత తెరిచినప్పుడు ఇదే లెక్క తిరగబడుతుంది.

కొండలు పంపును ఎలా చంపుతాయి?

హైవే మీద తిరిగే కారులో చాలా ఏళ్లు నిలిచే పంపు, కొండల్లో తిరిగే బండిలో అంతకాలం ఉండకపోవచ్చు. మొదటి కారణం వాలు. ఎక్కుడులో పెట్రోలంతా ట్యాంకు వెనక్కి, దిగుడులో ముందుకు పోతుంది. బండి ఒక పక్కకు ఒరిగితే మరో మూలకు చేరుతుంది. పంపు చుట్టూ కొంత పెట్రోలు నిలిపే చిన్న గిన్నెలు చాలా ట్యాంకుల్లో ఉన్నాయి, కానీ రిజర్వులో పడ్డ బండి నిట్టనిలువు వాలులో కొన్ని నిమిషాలు నిలిస్తే ఆ గిన్నే ఎండిపోతుంది. పంపు గాలి మింగుతుంది. ఇంజిన్ దగ్గుతుంది. డ్రైవరు యాక్సిలరేటర్ మరింత తొక్కుతాడు. ఆ కొద్ది సేపు పంపు చల్లదనం లేకుండా, తడి లేకుండా తిరుగుతుంది. ఒక్కసారితో చావదు. అలా ప్రతి ఆదివారం కొంత ఆయుష్షు తగ్గుతుంది.

బరువు తగ్గితే బండి తేలిగ్గా ఎక్కుతుందని కొందరు కావాలనే తక్కువ పెట్రోలుతో దిగుతారు. లీటరు పెట్రోలు సుమారు ముప్పావు కిలో. 20 లీటర్లు తగ్గించి మిగుల్చుకునేది 15 కిలోలు. దానికోసం పణంగా పెట్టేది పంపును.

రెండో కారణం దుమ్ము, బురద. పంపు మూతికి సన్నని జాలీ సంచి ఉంటుంది. మెకానిక్కులు దాన్ని సాక్స్ ఫిల్టర్ అంటారు. డబ్బాల్లో మోసుకెళ్లి దారిలో పోసుకున్న పెట్రోలు, మూత సరిగా పడని ట్యాంకు, లోపల తుప్పు రాలిన పాత రేకు - ఇవన్నీ ఆ జాలీని మూసేస్తాయి. మూసుకున్న జాలీలోంచి లాగడానికి పంపు మరింత కష్టపడుతుంది, మరింత వేడెక్కుతుంది. బండ తగిలి ట్యాంకు అడుగు పైకి నొక్కుకుపోతే ఆ సొట్ట కూడా జాలీ మూతిని మూయగలదు. బయటినుంచి చూస్తే చిన్న సొట్టే.

మూడోది నీళ్లు. వాగు దాటేటప్పుడు ట్యాంకు గాలి గొట్టం మునిగితే, వేడిగా ఉన్న ట్యాంకు ఒక్కసారిగా చల్లబడి నీటిని లోపలికి పీలుస్తుంది. అదే వాగులో పంపు కరెంటు కప్లర్ కూడా తడుస్తుంది. ఎర్త్ వైరు బిగించిన చోట తుప్పు మొదలవుతుంది. పంపు బాగానే ఉన్నా, దానికి చేరాల్సిన 12 వోల్టుల్లో సగం దారిలోనే పోతుంది.

> పంపు ముందే చెప్పే మాటలు
>
> ● కీ ఆన్ చేయగానే వెనకనుంచి వచ్చే రొద సన్నగిల్లడం, లేదా మామూలుకంటే గట్టిగా గీపెట్టడం.
>
> ● పొద్దున బాగానే అందుకుని, మధ్యాహ్నం ఎండలో ఆగితే మళ్లీ స్టార్ట్ కాకపోవడం. చల్లారాక ఏమీ ఎరగనట్టు అందుకోవడం.
>
> ● చదును రోడ్డు మీద ఇబ్బంది లేకుండా ఎక్కుడులోనో, లోడు మీదో మాత్రమే మిస్ కొట్టడం.
>
> ● ట్యాంకు పావుకంటే తగ్గినప్పుడే మొరాయించడం.

ఇథనాల్ నేరం ఎంత?

నింద మొత్తం కొట్టేయడానికీ లేదు, మొత్తం మోపడానికీ లేదు.

ఇథనాల్‌కు కొన్ని గుణాలున్నాయి. పెట్రోలుతో పోలిస్తే లీటరులో మూడింట రెండు వంతుల శక్తే ఉంటుంది. కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై, 10 శాతానికి సర్దిన కార్లలో ఈ-20 పోస్తే ఇంధన సామర్థ్యం 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. పాతరకం నైట్రైల్ రబ్బరును ఇథనాల్ ఉబ్బిస్తుంది, కొన్నిటిని గట్టిపరుస్తుంది. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు 20 నుంచి 30 వేల కిలోమీటర్ల తర్వాత మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖ కూడా 2025లో ఒప్పుకుంది. అది పెద్ద ఖర్చేమీ కాదని, మామూలు సర్వీసింగ్‌లో అయిపోతుందని చెప్పింది. ట్యాంకు దించితేగానీ అందని రబ్బరు ముక్క అయితే, ముక్క ఖరీదు కంటే కూలి ఎక్కువవుతుందన్నది షెడ్డులో నిలబడ్డవాడికి తెలిసిన సంగతి.

మరో గుణం కడగడం. ఏళ్ల తరబడి ట్యాంకు గోడలకు పట్టిన జిగురును, మడ్డిని ఇథనాల్ కరిగించి కిందికి దింపుతుంది. అదంతా నేరుగా జాలీకి చేరుతుంది. ఈ-20కి మారిన కొన్నాళ్లకే ఫిల్టరు మూసుకుపోయిందన్న ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉండేది ఈ పాత మురికే.

నీటితో ఇథనాల్ స్నేహం రెండువైపులా పదునున్న కత్తి. వానాకాలం సగం ట్యాంకుతో నెలల తరబడి షెడ్డులో ఉన్న బండిలో గాలి తేమ గోడలకు చెమర్చి నీటిచుక్కలవుతుంది. కొద్దిపాటి నీటిని ఇథనాల్ తనలో కలుపుకొని ఇంజిన్‌లోకి పంపేస్తుంది, హాని లేదు. నీరు ఎక్కువైతే ఇథనాల్ పెట్రోలును వదిలి నీటితో జతకట్టి అడుగుకు దిగిపోతుంది. పంపు మూతి ఉండేదీ అడుగునే. వాగులో మునిగిన బండికి, వారం వారం కాకుండా ఏడాదికి రెండుసార్లు బయటికి తీసే బండికి ఉన్న ముప్పు ఇదే. రోజూ నడిచే బండిలో పెట్రోలు అంతకాలం నిలవ ఉండదు.

అంటే, ఇథనాల్ అంతకుముందే ఉన్న లోపాలను త్వరగా బయటపెడుతుంది. తుప్పు పట్టిన ట్యాంకు, పాతబడిన గొట్టం, ఎన్నడూ మార్చని ఫిల్టరు ఉన్న బండికి అది గడ్డుకాలం. లోపల శుభ్రంగా ఉండి, రబ్బరు భాగాలు కొత్తగా ఉన్న పాత బండికి అంత భయం అక్కర్లేదు.

తప్పు ఫ్యాక్టరీదైనప్పుడు

పంపులు చావడానికి పెట్రోలూ కారణం కాక, యజమానీ కారణం కాక, తయారీలోనే తప్పు జరిగిన సందర్భం ఒకటుంది. జపాన్‌కు చెందిన డెన్సో కంపెనీ చేసిన కొన్ని పంపుల్లో పెట్రోలును తోసే ప్లాస్టిక్ చక్రం సాంద్రత తక్కువగా వచ్చింది. అది పెట్రోలు పీల్చుకుని, ఉబ్బి, పంపు గోడకు రాసుకుని ఆగిపోయేది. 2020లో టొయోటా ఈ ఒక్క కారణంగా ప్రపంచవ్యాప్తంగా 58.4 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. కొండదారులకు పేరుపడ్డ ల్యాండ్ క్రూయిజర్, ఫోర్ రన్నర్, టకోమా కూడా అమెరికా జాబితాలో ఉన్నాయి. అక్కడ స్థిరపడి, వారాంతాల్లో ఎడారి దారులు పట్టే తెలుగువాళ్లలో కొందరికైనా ఆ ఉత్తరం వచ్చే ఉంటుంది.

మన దేశంలోనూ పంపుల కోసం కార్లు వెనక్కి వెళ్లాయి. 2020లో మారుతి సుజుకి వ్యాగన్ఆర్, బలెనో కలిపి 1,34,885 కార్లను పిలిచింది. హోండా 2020లో 65,651, మళ్లీ 2024లో 90,468 కార్లను పిలిచింది. ఆ పంపులను ఉచితంగా మార్చారు. అందుకే పంపు పోయిందనగానే జేబులో చెయ్యి పెట్టేముందు, బండి ఛాసిస్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోవడం మంచిది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకు ఈ ఉత్తరాలు చేరవు, పాత యజమాని చిరునామాకు పోతాయి.

దించేముందు నాలుగు పరీక్షలు

ఆఫ్‌రోడ్ బండ్లలో చాలావాటికి ట్యాంకు కింద రక్షణ రేకు ఉంటుంది, దాని బోల్టులు బురదలో తుప్పుపట్టి ఉంటాయి. ట్యాంకు దించడమంటే సగం రోజు పని. దించాక పంపు బాగానే ఉందని తేలితే ఆ సగం రోజు దండగ. అనుభవమున్న మెకానిక్ అందుకే ముందు బండి కిందికి పోడు, ఫ్యూజు బాక్సు దగ్గరికి వెళ్తాడు.

ఫ్యూజు చూస్తాడు. పంపు రిలే తీసి, అదే కొలతదైన హారన్ రిలేను దాని చోట పెట్టి చూస్తాడు. బండి అందుకుంటే పని అక్కడితో అయిపోయింది. అందుకోకపోతే మల్టీమీటరుతో ట్యాంకు దగ్గర కప్లర్‌లో వోల్టులు కొలుస్తాడు. బ్యాటరీ దగ్గర పన్నెండున్నర ఉండి ఇక్కడ తొమ్మిదే వస్తుంటే దోషం వైరుదో, ఎర్త్‌దో. చివరగా ఇంజిన్ దగ్గర పెట్రోలు గొట్టానికి గేజీ తగిలించి ఒత్తిడి చూస్తాడు. ఐడిలింగ్‌లో సరిగ్గా ఉండి, రైజ్ చేస్తే పడిపోతుంటే ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు. మొదటినుంచీ లేవకపోతే అప్పుడు పంపు మీద అనుమానం బలపడుతుంది.

ఈ నాలుగూ చేయడానికి అరగంట చాలు. చేయకుండానే 'పంపు పోయింది సార్' అనే షెడ్డులో మారిన పంపులు అన్నీ నిజంగా పోయినవేనని చెప్పలేం.

ట్యాంకు కిందికి దిగింది

పని మొదలయ్యేది గొట్టంలో నిలిచిన ఒత్తిడి తీసేయడంతో. ఇంజిన్ ఇంకా అందుకుంటూ ఉంటే, రిలే పీకేసి అది తనంతట ఆగేదాకా నడిపిస్తారు. తర్వాత బ్యాటరీ నెగటివ్ వైరు తీసేస్తారు. మిగిలిన పెట్రోలును చేతిపంపుతో క్యానులోకి తోడుతారు. ట్యాంకు నిండా ఉంటే 30 కిలోల బరువు ఇటూ అటూ ఊగుతూ మీద పడుతుంది.

బోల్టులు విప్పేముందే ట్యాంకు పైభాగాన్ని అందినంతవరకు బ్రష్షుతో, గాలితో శుభ్రం చేయాలి. ఆఫ్‌రోడ్ బండిలో పంపు మూత చుట్టూ ఎండిన బురద పేరుకుని ఉంటుంది. మూత ఎత్తగానే అదంతా లోపలికే రాలుతుంది. కొత్త పంపు మొదటి రోజే ఆ మట్టి తింటుంది. కింద జాకీ మీద చెక్క పెట్టి, పట్టీలు వదులుచేసి, నాలుగంగుళాలు దించి, కప్లరూ గొట్టాలూ తీసి, అప్పుడు పూర్తిగా కిందికి తెస్తారు. ఏ గొట్టం ఎక్కడిదో ముందే ఫొటో తీసుకున్నవాడికి బిగించేటప్పుడు తడుముకోవాల్సిన పని ఉండదు.

పంపును పట్టి ఉంచే రింగును ఇనుప సుత్తితో కొట్టకూడదు, రవ్వలు రాలతాయి. ఇత్తడి పంచీ వాడాలి. అసెంబ్లీని నిలువుగా లాగితే గేజీ తేలుడు తీగ వంగుతుంది, తర్వాత మీటరు ఎప్పుడూ అబద్ధమే చెబుతుంది. కాస్త ఒంచి తీయాలి. తీశాక లోపల ఎల్ఈడీ టార్చితో చూస్తే అసలు కారణం అక్కడ కనిపిస్తుంది: అడుగున ఎర్రటి తుప్పు, నీటి పొర, ఇసుక, ముక్కలైన పాత గొట్టం. అవి తీయకుండా కొత్త పంపు పెట్టడం దండగ ఖర్చు.

చాలామంది పొరపాటు చేసేది ఒక చిన్న గొట్టం దగ్గర. పంపునుంచి మూతదాకా ఉండే జానెడు రబ్బరు గొట్టం ఎప్పుడూ పెట్రోల్లో మునిగే ఉంటుంది. మామూలు పెట్రోలు గొట్టం లోపలివైపు తట్టుకుంటుందిగానీ బయటివైపు తట్టుకోదు. కొన్ని నెలల్లో మెత్తబడి చీలుతుంది. అందుకు ఎస్ఏఈ 30ఆర్10 అని ముద్ర ఉన్న మునక గొట్టమే వేయాలి. మూత కింది ఓ-రింగును కూడా కొత్తదే వేయాలి. ఇథనాల్‌ను తట్టుకునే రకమా కాదా అని అడిగి తీసుకోవడానికి ఇదే అదను.

మళ్లీ మళ్లీ ట్యాంకు దించే బాధ లేకుండా బండి ఫ్లోరులో కిటికీ కోయించుకునేవాళ్లున్నారు. ఆలోచన మంచిదే. ట్యాంకు కింద ఉండగానే పైనుంచి గ్రైండర్ పెట్టడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. ట్యాంకు పూర్తిగా దించి, దూరంగా జరిపాకే రేకు కోయాలి.

> ట్యాంకు దగ్గర వద్దు
>
> ● నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ప్రమాదకరం. గాలి, ఆవిరి మంట హద్దులోకి వచ్చేది అప్పుడే.
>
> ● గాజు బల్బున్న వేలాడే లైటు వద్దు. కిందపడి పగిలితే అదే అగ్గిపుల్ల.
>
> ● గుంత పిట్‌లో పని వద్దు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, గుంతలో నిండుతుంది.
>
> ● పారిన పెట్రోలు మీద నీళ్లు కొట్టొద్దు. ఫోమ్, పొడి రసాయన మంటార్పే సిలిండరు చేతికందేలా ఉండాలి.
>
> ● పాత ట్యాంకుకు వెల్డింగు వద్దే వద్దు, కడిగామని ఎంత చెప్పినా సరే.

నోటితో లాగే పెట్రోలు

ఇంత జాగ్రత్త చెప్పుకున్నాక మన షెడ్డుల్లో జరిగేది కూడా చెప్పుకోవాలి. ట్యాంకులో పెట్రోలు తోడటానికి చేతిపంపు ఉండదు. హెల్పర్ కుర్రాడు గొట్టం ఒక చివర ట్యాంకులో పెట్టి, రెండో చివర నోట్లో పెట్టుకుని పీలుస్తాడు. పెట్రోలు నోట్లోకి రాగానే ఉమ్మేసి క్యానులో పెడతాడు. ఎన్నోసార్లు చేశాడు కాబట్టి ఏమీ కాదనుకుంటాడు.

మింగిన పెట్రోలు కంటే ఊపిరితిత్తుల్లోకి జారిన పెట్రోలు ప్రమాదకరం. కొద్ది చుక్కలు చాలు, లోపల మంటపుట్టి న్యుమోనియాలాంటి స్థితి వస్తుంది. తాగిన పిల్లవాడికి ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించడం మన అలవాటు, అప్పుడు ఇంకాస్త ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గ్రీజు చేతులను పెట్రోలుతో కడగడం కూడా నిత్యకృత్యమే. పెట్రోల్లో బెంజీన్ ఉంటుంది. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. బీఎస్-6 పెట్రోల్లో దాన్ని ఒక శాతానికి మించనివ్వరు. రోజూ చేతులు కడిగేవాడికి, ఆవిరి పీల్చేవాడికి ఆ ఒక్క శాతమూ ఏళ్ల తరబడి కూడుతుంది. యజమాని ట్యాంకులో రబ్బరు ఉబ్బడం గురించి ఇంత చర్చ జరుగుతోంది. ఆ ట్యాంకు దించేవాడి చేతుల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఓ చేతిపంపు, నైట్రైల్ గ్లౌజుల పెట్టె కొనిపెట్టడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. పని ఇచ్చే యజమాని అడిగితే షెడ్డు కూడా కొంటుంది.

ఏ పంపు కొనాలి?

సికింద్రాబాద్ రాణీగంజ్‌లోగానీ, ఆసియాలోనే పెద్దదని చెప్పుకునే విజయవాడ ఆటోనగర్‌లోగానీ కౌంటరు ముందు నిలబడి పంపు అడిగితే ముందు వచ్చే ప్రశ్న ఒకటే: "ఒరిజినలా, లోకలా?" మోటారు ఒక్కటే కొంటే వందల్లో, అసెంబ్లీ మొత్తం కంపెనీది కొంటే వేలల్లో. తేడా చూసి చేయి చౌకవైపే వెళ్తుంది.

చౌకదానితో ఇబ్బంది ఒత్తిడి దగ్గర, ప్రవాహం దగ్గర వస్తుంది. ఖాళీగా తిప్పితే బాగానే గీపెడుతుంది, మూడు బార్ల ఎదురుబరువు మీద నిలవదు. చదును రోడ్డు మీద బయటపడని ఆ లోటు, రెండో గేరులో కొండ ఎక్కుతుంటే బయటపడుతుంది. డబ్బా మీద అంటించిన పేరు అచ్చుతప్పులతో ఉందా, హోలోగ్రాం ఉందా, ఒత్తిడి, ఆంపియర్ల వివరం అచ్చువేశారా చూసుకోవాలి. ఆపేసిన మోడళ్లకు కంపెనీ అసెంబ్లీ దొరక్కపోతే, పేరున్న తయారీదారు మోటారు తీసుకుని పాత అసెంబ్లీలోనే అమర్చడం చాలామంది చేసే మధ్యేమార్గం. అలా చేసేటప్పుడు జాలీ, మునక గొట్టం, క్లిప్పులు, ఓ-రింగు అన్నీ కలిపి కొత్తవే తీసుకోవాలి.

అడగాల్సిన ప్రశ్న

ఈ-20 మీద వాదన ఇప్పట్లో తెగదు. బంకులో ఎంపిక ఉండాలనడం న్యాయమైన కోరికే. పాత బండ్ల యజమానికి ఏ భాగం ఎప్పుడు మార్చాలో కంపెనీ మోడల్‌వారీగా చెప్పాలనడం ఇంకా న్యాయమైనది. అవి వచ్చేదాకా బండి నడవాలి, కొండలు ఎక్కాలి.

ఆఫ్‌రోడ్ బండిని సగం ట్యాంకు తగ్గకుండా నడపడం, వాగు దాటిన ప్రతిసారీ ఎర్త్‌లూ కప్లర్లూ చూసుకోవడం, నెలల తరబడి నిలిపేటప్పుడు ట్యాంకు నింపి నిలపడం, ఫిల్టరును గడువుకు ముందే మార్చడం - వీటిలో ఏదీ ప్రభుత్వ అనుమతి కోసం ఆగక్కర్లేదు. ఇవన్నీ చేసినా పంపు పోతే, మెకానిక్‌ను పాత పంపు చేతికివ్వమనండి. జాలీ మీద ఏముందో చూడండి. ఎర్రగా ఉంటే ట్యాంకు తుప్పు, ఇసుకలా ఉంటే పోసిన పెట్రోలు, నల్లటి జిగురు ఉంటే కరిగిన గొట్టం. జాలీ శుభ్రంగా ఉండి, మోటారు మాత్రం మాడి ఉంటే రిజర్వు లైటు ఎన్నాళ్లు వెలిగించి తిప్పారో గుర్తు చేసుకోండి. బిల్లు కట్టేముందు 'ఎందుకు పోయింది?' అని అడిగి, దానికి చూపించదగ్గ జవాబు వచ్చేదాకా ట్యాంకు పైకి ఎక్కించనివ్వకండి. పంపు మారిస్తే బండి ఇంటికి చేరుతుంది, కారణం పట్టుకుంటే మరో కొండ ఎక్కుతుంది.